ఎవరి చేతి తెగులు

"పీకెయ్! చూస్తూ నిలబడ్డావేంరా? ఒక్కటి కూడా మిగలకూడదు. వేళ్ళతో సహా పీకి పారెయ్!"

పొద్దున్నే టీ చుక్క గొంతులో పడకముందే ఒంటికాలి మీద లేచింది అత్తయ్య. టమాటా పంట మీద ప్లాస్టిక్ కప్పి కట్టిన మూడో టన్నెల్ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, లోపలున్న కొడుకుని చూపుతోనే ముందుకు నెడుతోంది.

కొడుకు మొదటి వరసలో మొదటి మొక్క మొదలు పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ లాగడం లేదు. లాగబుద్ధి పుట్టే మొక్కా అది! మనిషెత్తు పెరిగిన టమాటా. పైనుంచి వేలాడే తాడుని చుట్టుకుని నిటారుగా లేచింది. కింది గెలల నిండా పచ్చికాయలు. నడుం దాకా చూస్తే దిష్టి తగిలేలా ఉంది. నడుం పైన మాత్రం చూడలేం. ఆకులు సన్నబడిపోయి, ఉతికి పిండి, విదిలించకుండా వదిలేసిన గుడ్డపీలికల్లా మెలితిరిగి ఉన్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి కొసా అంతే.

"ఆగండి! ఒక్క గంట ఆగండి!" అంటూ ఇంటివైపు నుంచి పరుగున వచ్చింది కోడలు.

వచ్చింది గానీ గుమ్మం దగ్గర ఆగక తప్పలేదు. బయటి చెప్పులతో టన్నెల్లో అడుగుపెట్టడం ఈ ఇంట్లో పెద్ద నేరం. చెప్పులు విడిచి, లోపలి చెప్పులు తొడుక్కుని, బకెట్లో సబ్బునీళ్ళతో చేతులు కడుక్కోవాలి. ఇల్లు తగలబడుతున్నా సరే ఆ పద్ధతి తప్పకూడదు. పద్ధతి పెట్టింది అత్తయ్య. ఇప్పుడు కోడలు చేతులు కడుక్కునేదాకా ఓపిగ్గా చూసి మరీ తిట్టడం మొదలుపెట్టింది.

"గంట ఆగితే ఆ ఆకులు విప్పుకుంటాయా?"

"అది కాదత్తయ్యా..."

"మరేది? రెండో టన్నెల్లో కాయ రంగు తిరుగుతోంది. ఈ మాయదారి వైరస్ దాన్లోకి పాకితే ఈ ఏడాది ఏం తిని బతుకుదాం? ఈ ప్లాస్టిక్కా?"

జవాబు కోడలి నాలుక చివరే ఉంది. కానీ ముందు మొగుడితో మాట్లాడాలి. నోరు మూసుకుంది.

ఇంతలో ఇంట్లో ఫోన్ మోగింది. "అమ్మాయి బయల్దేరి ఉంటుంది," అంది అత్తయ్య. ఆ మాట అనగానే ఆవిడ గొంతులో వేడి ఎందుకో కాస్త తగ్గింది. "నేను మళ్ళీ వచ్చేసరికి ఈ వరస ఖాళీ అయిపోవాలి." చెప్పులు మార్చుకుని విసవిసా వెళ్ళిపోయింది.

బయల్దేరిన అమ్మాయి, అంటే ఆ ఇంటి ఆడపడుచు, కారేసుకుని వస్తున్నది తండ్రిని తీసుకుపోవడానికి. మామయ్య ఇక కొన్ని నెలలు ఆ ఇంట్లో ఉండడని అత్తయ్య తేల్చేసింది. ఉంటే టన్నెళ్ళ దగ్గరికి వెళ్ళకుండా ఆగలేడు, వెళ్తే చెయ్యి ఊరుకోదు, ఆ చెయ్యే కదా ఈ కొంప ముంచింది!

అసలు ఏ ల్యాబులోనూ ఎవరూ పరీక్ష చెయ్యలేదు. విత్తనాల కొట్టతను ఫోన్లో ఫోటో చూసి, "పొగాకు నుంచి వచ్చే వైరస్‌లా ఉందండీ. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగిన చేత్తో మొక్కల్ని ముట్టుకుంటున్నారా?" అన్నాడు. అంతే. మామయ్య నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుని సిగరెట్లు కాలుస్తాడని అందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తూ ఇన్నేళ్ళూ కాపురం వెళ్ళదీసింది అత్తయ్య. ఆ రోజు నటన కట్టిపెట్టి మొగుడి వైపు తిరిగింది. ఆవిడ నోరు తెరవకముందే ఆయన తల ఊపాడు.

"నేనే. నా చేతి నుంచే వచ్చింది," అన్నాడు.

అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడన్నదే అప్పట్నుంచీ కోడలి బుర్రని తొలిచేస్తోంది. పాతికేళ్ళకి పైగా బస్సు నడిపిన మనిషి. బస్సు గుంటలో పడితే తప్పు గుంటదని వాదించే రకం.

---

"రండి, మీకొకటి చూపించాలి," అంది కోడలు.

"అమ్మ వస్తుంది."

"రానివ్వండి. రండి ముందు."

వంటింటి వెనక కిటికీ గట్టు మీద రెండు చిన్న కుండీలున్నాయి. రెంటిలోనూ చిక్కుడు మొలకలు. ఒక కుండీలో మొలకలు తలెత్తి రెండాకులు విప్పుకుని హాయిగా ఉన్నాయి. రెండో కుండీలో కాడలు వంకర్లు తిరిగి, ఆకులు లోపలికి ముడుచుకుపోయి, చూస్తేనే జాలేసేలా ఉన్నాయి.

"ఏంటివి?" అన్నాడు అతను.

"రెంటిలోనూ ఒకే రోజు, ఒకే పొట్లంలో గింజలు వేశాను. దీని మీద కుళాయి నీళ్ళు చల్లాను." చేయి రెండో కుండీ మీదికి జరిపింది. "దీని మీద, కాయకి నల్లమచ్చ వచ్చిందని మీరు టమాటాలకి కాల్షియం కొట్టిన స్ప్రేయర్ డబ్బాలో నీళ్ళు పోసి, గిలక్కొట్టి చల్లాను."

అతను రెండో కుండీ మీదికి వంగాడు.

"ఆ రోజు ఏ వరస నుంచి మొదలుపెట్టారు?"

"గుమ్మం దగ్గర్నుంచి."

"ఆ వరసే అన్నిటికన్నా ఘోరంగా ఉంది. రెండోది కొంచెం నయం. మూడోది ఇంకొంచెం. చివరి వరసలో అయితే కొసలు వంకర పోయాయో లేదో వెతుక్కోవాలి. డబ్బాలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు నింపుకుంటూ పోయారు కదా, నింపిన కొద్దీ పల్చబడింది. వైరస్ అయితే ఇలా బుద్ధిగా వరస కడుతుందా? మామయ్య చెయ్యి తగిలితే తగిలిన మొక్కకి రావాలి. ఆయన చివరి వరసలోనే కదా రోజూ పిలకలు గిల్లేది!"

అతను వంకర తిరిగిన మొలకని వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కలుపు మందు డబ్బాయే అది," అన్నాడు నెమ్మదిగా.

కోడలు అతని మొహంలోకి చూసింది. ఆ ముక్క తను అనలేదు. తను ఇంకా అనబోతోంది.

"అంటే మీకు తెలుసా?"

నీళ్ళు నమిలాడు. "ముందు తెలియదు. ఆకులు తిరిగాక అనుమానం వచ్చి డబ్బా మూత తీసి వాసన చూశాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది, అప్పటికే నాన్న ఒప్పుకున్నాడు."

"ఎంత చల్లగా చెబుతున్నారండీ! చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని కన్నతండ్రి సంచి సర్దుకుంటుంటే, నిమ్మకు నీరెత్తినట్టు చూస్తూ కూర్చున్నారా? పొరపాటున ఒక డబ్బా బదులు ఇంకో డబ్బా తీశానని చెబితే అత్తయ్య మిమ్మల్ని ఉరి తీస్తారా?"

"నన్ను అంటే పడతాను. నా గురించి కాదు."

"మరి?"

అతను వంటింటి వైపు చూశాడు. లోపల అత్తయ్య ఫోన్లో మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గొంతు బాగా తగ్గించాడు.

"రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి కదా. కలుపు మందు దానికి నాన్న ఎర్ర గుడ్డపీలిక కట్టి, అవతల రేకుల కొట్టంలో మేకుకి తగిలించేవాడు. ఎవరూ దాన్ని ఇవతలికి తేకూడదు, దాంతో ఇంకేదీ కొట్టకూడదు. అక్క పోయినసారి వచ్చే ముందు అమ్మ ఇల్లంతా దులిపింది చూడు. కొట్టం కూడా దులిపింది. ఆ గుడ్డ జిడ్డోడుతోందని కోసి పొయ్యిలో పడేసింది. రెండు డబ్బాలూ సబ్బు పెట్టి తళతళలాడేలా తోమి, పక్కపక్కన ఇక్కడ తగిలించింది. నేను చేతికందింది తీసుకుపోయాను."

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. చూశావా, కొత్తవాటిలా ఎలా మెరిసిపోతున్నాయో అని అత్తయ్య తనని పిలిచి మరీ చూపించింది. తనూ అబ్బో అంది. ఒక్క క్షణం కూడా ఆ పీలిక ఏమైందని అడగాలని తోచలేదు.

"సబ్బుతో పోదా అది?"

"పైపైన పోతుంది. లోపల గొట్టంలో, రబ్బరు వాషర్లలో పట్టుకుని ఉంటుంది. ఈ కలుపు మందు పాడుబుద్ధే అంత. టమాటాకి వాసన తగిలితే చాలు."

"అయితే అత్తయ్యకి చెప్పేద్దాం."

"నీకు పిచ్చా? అమ్మకా?" కంగారుగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాన్న రిటైరై, ఏం చెయ్యాలో తోచక గోడలు చూస్తూ కూర్చుంటే, ఈ టన్నెళ్ళు వేయించింది ఆవిడే. ఇనుప గొట్టాలు వంచిన రోజు నుంచీ ఒక్క రోజు ఊరెళ్ళలేదు. శుభ్రం, శుభ్రం అని మనందర్నీ కాల్చుకు తింటుంది నిజమే. ఆ శుభ్రమే కొంప ముంచిందని ఎలా చెప్పను? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మామయ్యని పంపించడానికి మాత్రం మొహం వచ్చిందా?"

అతను ఆమె చెయ్యి వదిలేశాడు. టన్నెల్ వైపు నడిచాడు. మొక్కలు పీకడానికి వెళ్తున్నాడో, పీకుతున్నట్టు కనిపించడానికి వెళ్తున్నాడో ఆమెకి అర్థం కాలేదు. పెళ్ళయ్యాక మొగుడి మీద ఎన్నోసార్లు కోపం వచ్చింది. అసహ్యం లాంటిది కలగడం ఇదే మొదలు. దానికి ఆమెకే భయమేసింది.

---

మామయ్య కొట్టం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఎక్కడికో పెళ్ళికి పోయే మనిషిలా ఉన్నాడు, మొహం తప్ప.

"రామ్మా," అన్నాడు. "రెండో టన్నెల్లో పక్క తెరలు ఎత్తారా? ఎండ ఎక్కుతోంది. లోపల చెమ్మ నిలిచిందంటే ఆకు వెనక బూజు పడుతుంది. చెప్పానని చెప్పకు, ఎత్తించు చాలు."

"మామయ్యా, ఇది వైరస్ కాదు."

"ఆహా."

"కలుపు మందు."

ఆయన ఆశ్చర్యపోలేదు. జేబులోంచి ఖాళీ సిగరెట్ పెట్టె తీసి, తెరిచి, మళ్ళీ మూసి జేబులో పెట్టుకున్నాడు. కోడలికి సంగతి అర్థమైపోయింది. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మీకూ తెలుసు."

"ఆకు చూస్తే తెలియదూ? వైరస్ అయితే ఆకు మీద ఆకుపచ్చా పసుపూ మచ్చలు మచ్చలుగా వస్తాయి. ఇది ఎక్కడ చూసినా ఒకే మెలిక. పైగా కొత్త చిగురంతా ఒకే ఎత్తులో తిరిగింది. అంటే ఒకే రోజు తగిలింది." వెనక్కి తిరిగి కొట్టంలో ఖాళీగా ఉన్న మేకు వైపు చూశాడు. "అసలు ఆ కాల్షియం కొట్టడమే దండగ. కాయ అడుగున నల్లమచ్చ వచ్చిందంటే నీళ్ళ తేడా. ఒక రోజు పోసి ఒక రోజు మానేస్తే అలాగే వస్తుంది. వాడికి చెబితే వింటేగా!"

"ఇన్ని తెలిసీ మీరెందుకు ఒప్పుకున్నారు? ఎందుకు, మామయ్యా?"

"తప్పు మొయ్యడం నాకు అలవాటేనమ్మా. డ్రైవరు బతుకు అంతే. టైరు పంక్చరైనా, వాన వచ్చినా, ఎవరికో కడుపులో తిప్పినా అందరూ మా వైపే చూసేవాళ్ళు." నవ్వబోయాడు, కుదరలేదు. "మీ అత్తయ్యకి ఆ అలవాటు లేదు. ఈ వయసులో కొత్తగా నేర్పగలనా?"

"తమాషాలొద్దు."

"సరే, వద్దు." ఆయన టన్నెళ్ళ వైపు చూశాడు. "నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు నన్ను మనిషిని చేసింది ఆవిడ. ఎకరం నేల చూపించి, రేపట్నుంచి ఇదే నీ బస్సు, నడుపు అంది. ఇప్పుడు ఈ మొక్కలన్నీ తన చేతి మీదుగానే పోయాయని తెలిసిందనుకో, ఆవిడ మళ్ళీ ఒక ఆకు ముట్టుకోదు. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఎవరికి ఏ శిక్ష వేస్తుందో తనకీ అదే వేసుకుంటుంది. ఒక పిసరు ఎక్కువే వేసుకుంటుంది."

"మీరు లేకపోతే మాత్రం ఈ టన్నెళ్ళు నడుస్తాయా?"

"నడవవూ? నువ్వున్నావుగా."

ఆ మాటకి ఆమె కళ్ళనీళ్ళు ఆగలేదు. ఈ ఇంటికి వచ్చినప్పుడు టమాటా కొనడం తప్ప ఏమీ తెలియదు. పిలక అనుకుని పూలగెలని గిల్లేసిన రోజు అత్తయ్య ఇల్లు పీకి పందిరి వేసింది. ఆయన మాత్రం పక్కన నిలబడి, ఆకుకీ కాడకీ మధ్య సందులో వేలు పెట్టి, "ఇక్కడ పుట్టేదే పిలక, తల్లీ. మిగతావాటి జోలికి వెళ్ళకు," అని చూపించాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. పుట్టింట్లో కూడా తనకి ఎవరూ ఏదీ అంత ఓపిగ్గా నేర్పలేదు. ఆ మనిషి ఇప్పుడు దొంగలా సంచి పట్టుకుని పోతుంటే తను గేటు తీసి పట్టుకోవాలా!

"నేను చెప్పేస్తాను," అంది.

"వద్దు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఇంతవరకూ నిన్ను ఏదీ అడగలేదు. ఇదొక్కటీ అడుగుతున్నాను. చెప్పకు."

వీధిలో కారు హారన్ వినిపించింది. ఆయన లేచి సంచి అందుకున్నాడు. ఆమె మాట ఇవ్వలేదు. ఆయన మాత్రం ఇచ్చిందనే అనుకున్నాడు.

---

ఆడపడుచు నర్సు. కారు దిగుతూనే తల్లిని కడిగి పారేసింది.

"రాత్రి డ్యూటీ చేసి అటునుంచి అటే వచ్చానమ్మా. మొక్కలకి జబ్బు చేసిందని కట్టుకున్న మొగుణ్ణి ఇంట్లోంచి పంపే మనిషిని నిన్నే చూస్తున్నాను!"

"నాలుగు నెలలు నీ దగ్గర ఉంటే కొంపలేం మునగవు," అంది అత్తయ్య. "సిగరెట్లు మానిపించు. ఛాతీ పట్టేస్తే వేణ్ణీళ్ళ ఆవిరి పట్టు. రాత్రిళ్ళు కాళ్ళ మీద దుప్పటి తన్నేస్తాడు, చూసుకో. టీలో చక్కెర తగ్గించు. తగ్గించానని చెప్పకు, తెలిస్తే తాగడు."

మాట్లాడుతూనే ఇంకో సంచి సర్దుతోంది. ఒక్కో చొక్కానీ మడత మీద మడత చూసి పెడుతోంది. పక్కన నిలబడ్డ కోడలు ఆ మడతలే చూస్తోంది. అంత ప్రేమ ఉన్న మనిషికి అంత కాఠిన్యం ఎక్కడిది? రెండూ ఒకే చేత్తో ఎలా చేస్తోంది?

"పద, వదినా, టీ పెడతాను," అంది కోడలు, అక్కడ నిలబడలేక.

"టీ వద్దు, ఏమీ వద్దు. నాన్న కారెక్కేశారు. నేను వెళ్ళి కూర్చుంటాను. ఇక్కడుంటే మీ అత్తయ్యతో ఇంకో యుద్ధం చెయ్యాలి." ఆడపడుచు సంచి లాక్కుని వెళ్ళిపోయింది.

అత్తయ్య చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులతో నిలబడడం ఆవిడకి రాదు. గుడ్డ తీసుకుని వంటగట్టు తుడిచింది. కిటికీ చువ్వలు తుడిచింది. చువ్వల అవతల గట్టు మీద చిక్కుడు కుండీలు కనిపించాయి. గుడ్డ ఆగింది.

"ఇదేంటి? వీటికి కూడానా?"

కోడలు కుండీల వైపు ఒక అడుగు వేసింది.

"చివరికి వంటింటి దాకా వచ్చాడా! పొద్దున్నే ఇక్కడ నిలబడి కాల్చి ఉంటాడు. పోయేముందు కూడా..." అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం పాపం చేశానని ఈయన నన్నిలా సాధిస్తున్నాడే? ఉండు, కారులో ఉండగానే అడిగేస్తాను. అందరి ముందూ అడిగేస్తాను."

ముడుచుకుపోయిన మొలకల కుండీ చేతిలోకి తీసుకుని గుమ్మం వైపు తిరిగింది.

ఇక కోడలు ఆగలేకపోయింది. ఆ కుండీ పట్టుకుని ఆవిడ కారు దగ్గరికి పోవడం, ఆయన దాన్ని చూసి మళ్ళీ తల ఊపడం, నేనే అనడం, అంతా కళ్ళముందు కట్టింది.

"మామయ్య ముట్టుకోలేదు, అత్తయ్యా."

"నువ్వు వెనకేసుకు రాకు."

"నేనే చల్లాను. స్ప్రేయర్ డబ్బాలో నీళ్ళు చల్లాను. టమాటాలకి కొట్టిన డబ్బా."

"డబ్బాలో ఏముంది? నేను తోమి పెట్టిన డబ్బా కదా."

కోడలు తల దించుకుంది. ఆ దించుకోవడమే చెప్పేసింది.

అత్తయ్య కుండీని గట్టు మీద పెట్టింది. పడిపోతుందేమోనన్నట్టు రెండు చేతులతో పెట్టింది. "రెండుసార్లు తోమాను," అంది. "సబ్బు పెట్టి రెండుసార్లు. మూతలు కూడా విప్పి తోమాను."

"గొట్టంలో మిగిలిపోతుందట. సబ్బుకి పోదట."

"ఏది?"

"కలుపు మందు."

"కలుపు మందు డబ్బా కొట్టంలో కదా ఉండాలి," అంది అత్తయ్య. అని, తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. చేతిలో గుడ్డని ఒకసారి మడిచింది. ఇంకోసారి మడిచింది. "దానికేదో కట్టి ఉంది. ఎర్ర పీలిక. మురికి కంపు కొడుతుంటే..."

చూపు పొయ్యి వైపు వెళ్ళింది.

అమ్మ ఇంకా రాలేదేమని చూడ్డానికి కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. చేతికి మట్టి లేదు. పొద్దుట్నుంచీ ఒక్క మొక్క కూడా పీకలేదని ఆ చేతులే చెబుతున్నాయి. తల్లి అతని వైపు చూసింది.

"నీకు తెలుసా?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"ఆయనకి?"

కుళాయి నుంచి చుక్క పడింది. ఇంకో చుక్క పడేలోపు ఆవిడకి అంతా అర్థమైపోయింది.

కోడలు ఏడుపు కోసం ఎదురుచూసింది. అరుపు కోసం ఎదురుచూసింది. ముందే ఎందుకు చెప్పలేదని తన మీద విరుచుకుపడితే బాగుండును అనిపించింది. అత్తయ్య అవేవీ చెయ్యలేదు. గుడ్డ దండెం మీద ఆరేసి, కొంగు సరిచేసుకుని, ఎవరినీ తాకకుండా వాళ్ళిద్దరి మధ్య నుంచి బయటికి నడిచింది.

---

కారు వెనక సీట్లో మామయ్య కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అత్తయ్య వచ్చి తలుపు తీసింది.

"జరగండి."

"ఏంటే?"

"జరగమంటున్నాను."

ఆయన సంచి ఒళ్ళోకి తీసుకుని అవతలికి జరిగాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది. కట్టుబట్టలతో, చేతి సంచి కూడా లేకుండా.

"నువ్వెక్కడికి?" అన్నాడు ఆయన.

"మీరెక్కడికో అక్కడికే."

ముందు సీట్లోంచి ఆడపడుచు వెనక్కి తిరిగింది. "అమ్మా, ఏం జరిగింది? ఎవరైనా చెప్పండి! నాన్నా?"

"టన్నెళ్ళు ఎవరు చూస్తారే?" ఆయన గొంతులో కంగారు. "రెండో దాన్లో కాయ రంగు తిరుగుతోంది. ఇంకో వారంలో కోతకి వస్తుంది. దిగు. చెప్పేది విను, దిగు."

"చూసుకునేవాళ్ళున్నారు. అన్నీ తెలిసినవాళ్ళు. నా ఒక్కదానికే తెలియదు." ఆవిడ అటూ ఇటూ చూడలేదు. "పిచ్చిదాన్ని చేసి ఆడించారు అందరూ కలిసి. పొమ్మంటే పోవడానికి సిద్ధమయ్యారు గానీ, తప్పు నీది అనడానికి మాత్రం నోరు రాలేదు. నేనంటే అంత భయమా మీకు? ఇన్నేళ్ళు కాపురం చేశాక?"

"భయం కాదే..."

"మరేంటి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర కోడలు నిలబడి ఉంది. ఆమె ఈ ఇంటికి వచ్చాక ఆయన ఆమెను అంత నిష్ఠూరంగా చూడడం ఇదే మొదటిసారి.

"అడిగింది ఒక్కటే కదమ్మా నిన్ను," అన్నాడు.

కోడలికి మీ కోసమే చెప్పాను మామయ్యా అనాలని ఉంది. నిజానికి ఆయన కోసం చెప్పిందా, ఆయన లేకుండా తను ఉండలేక చెప్పిందా? ఆ క్షణంలో ఆమెకే తెలియలేదు.

"నడుపు," అంది అత్తయ్య కూతురితో.

"నాకు విషయం చెబితేనే..."

"నడపమన్నానా!"

ఇంజను మోగింది. వెనక నుంచి మొగుడు వచ్చి నిలబడ్డ అలికిడి తెలిసింది కోడలికి. తల తిప్పలేదు.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అన్నాడు అతను.

"లేదు," అంది. "అయినా మీలా ఊరుకోలేకపోయాను."

కారు గేటు దాటింది, వీధిలోకి తిరిగింది. వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. మధ్యలో ఇద్దరు మనుషులు కూర్చునేంత చోటుంది.

వీధి మలుపు దగ్గర కారు ఆగింది. అత్తయ్య కూర్చున్న వైపు వెనక తలుపు తెరుచుకుంది. కోడలు ఊపిరి బిగబట్టి చూసింది.

ఎంతసేపు చూసినా ఎవరూ దిగలేదు. తలుపు మళ్ళీ మూసుకోనూ లేదు.